‘తరగతి, పాఠశాల’ అన్న చోట ఏం రాయాలి?

గౌరవనీయులైన సంపాదకులు గారికి,

నమస్కారములు. మీ పత్రికలోని పిల్లల పేజీకి బొమ్మలు, చిన్న కథలు పంపే బాలబాలికలు తమ పేరుతోపాటు తరగతి, పాఠశాల పేరు తప్పనిసరిగా రాయాలన్న నియమం గురించి ఈ లేఖ రాస్తున్నాను. పోయిన వారం మా మనుమరాలు రామప్ప గుడి బొమ్మ గీసి, రంగులు వేసి, మీకు పంపించాలని కాగితాన్ని వెనక్కి తిప్పి తన పేరు రాసుకున్నది. ఆ తరువాత పెన్సిలు ఆపి, ‘బాపమ్మా, బడి పేరు కాడ ఏం రాయాలె?’ అని నన్ను అడిగింది. ఆ పాపకు ఏడేళ్లు. రెండేళ్లుగా ఇంటి దగ్గరే చదువుకుంటున్నది. ఐదేళ్ల తమ్ముడు ఇంతవరకు ఏ బడిలోనూ చేరలేదు. ములుగు వైపు ఊళ్లలో ముప్పై ఒక్క ఏళ్లు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో పాఠాలు చెప్పి విరమణ పొందిన నాకు, బడి పేరు అడిగితే జవాబు దొరకకపోవడం అదే మొదటిసారి.

ముందే ఒక మాట విన్నవించుకుంటాను. నేను బడికి వ్యతిరేకిని కాను. ఏటా జూన్‌లో బడిబాట కార్యక్రమం మొదలైతే, పత్తి చేలల్లో, మిరప తోటల్లో పనికి పోయే పిల్లల ఇళ్లకు తెల్లవారుజామునే వెళ్లి, ‘అమ్మా, బిడ్డను బడికి తోలండి’ అని తల్లిదండ్రులను బతిమాలిన దానిని. అందుకే రెండేళ్ల కిందట మా కోడలు పాపను బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తానని చెప్పినప్పుడు ఇంట్లో అందరికంటే గట్టిగా అడ్డుచెప్పింది నేనే. అప్పటికి పాప ఒక ప్రైవేటు పాఠశాలలో యూకేజీ చదువుతూ, రాత్రి తొమ్మిదైనా హోంవర్కు పూర్తికాక పుస్తకం మీదే తల వాల్చి నిద్రపోయేది. ఉదయం వ్యాను హారను వినబడగానే కడుపులో నొప్పి అనేది. ఏడాది మాత్రమే చూద్దామన్న షరతు మీద నేను ఒప్పుకున్నాను. ఆ ఏడాదిలో నేను చూసిన కొన్ని సంగతులు నా అభిప్రాయాన్ని మార్చాయి, వాటిని మీ పాఠకులతో పంచుకోవాలని ఉంది.

మొదటిది మా హనుమకొండ బస్టాండులో జరిగింది. పాపకు అక్షరాలన్నీ వచ్చు, గుణింతాలు కూడా నోటికి వచ్చు, కానీ పుస్తకంలో ఒక మాటను కూడబలుక్కుని చదవమంటే మొహం ముడుచుకునేది. మా ఆడబిడ్డ ఊరికి పోవడానికి ఒకరోజు బస్సు కోసం కూర్చున్నాము. ఎదురుగా వచ్చి ఆగిన బస్సు బోర్డును పాప చాలాసేపు చూసి, నన్ను అడగకుండానే, తనలో తానే ‘ప... ర... కా... ల’ అన్నది. ఒక్క క్షణం ఆగి, ‘పరకాల! బాపమ్మా, గా బస్సు పరకాల పోతది!’ అని కూర్చున్న చోటి నుంచి లేచి నిలబడింది. ఒత్తు లేదు, సున్న లేదు, ఒకే ఒక దీర్ఘం. మొదటి మాటగా అంతకంటే అనువైనది నేను వెతికి ఇచ్చినా దొరకదు. ఆ గంటలో తాను ములుగు చదివింది, జనగామ చదివింది. మూడు కొమ్ములున్న ములుగును చూసి, ‘అన్నిటికీ కొమ్ములే’ అని సంబరపడింది. మా బస్సు వచ్చినా ఎక్కనన్నది. ఇంకొక బస్సు బోర్డు సగం చదివి ఉన్నది మరి! మేము ఆ బస్సును వదిలేసి తరువాతి దానిలో వెళ్లాము. తరగతి గదిలో నా పీరియడు అయిపోగానే గంట కొట్టేవారు, పిల్ల సగం మాటలో ఉన్నా పుస్తకం మూయవలసిందే. ఆ రోజు మాత్రం గంట కొట్టేవారు ఎవరూ లేరు.

ఆ తరువాత కొన్ని వారాలపాటు సాయంత్రం బస్టాండు దాకా నడిచి వెళ్లడం మాకు అలవాటయింది. ఏటూరునాగారం అన్న మాటను ఒక్క ఊపిరిలో చదివిన రోజు తేదీని మా కోడలు గోడ మీది క్యాలెండరులో గుర్తుపెట్టింది. అసలైన పాఠం మాత్రం మా సొంత ఊరి పేరే నేర్పింది. ఒక బోర్డు మీద హనుమకొండ అని, మరొక దాని మీద హన్మకొండ అని ఉండటం పాప కంటబడింది. ‘బాపమ్మా, రెండిట్ల ఏది కరెక్టు? ‘ను’ల ఉన్న కొమ్ము ఏడ వోయింది?’ అని అడిగింది. ఇన్నేళ్లు ఒత్తులను నేను ‘న కింద మ ఒత్తు’ అని రూపం చూపించి చెప్పానే తప్ప, పై అక్షరం తన అచ్చును వదిలేసుకుంటేనే కింది అక్షరం ఒత్తుగా వచ్చి చేరుతుందని ఒకటో తరగతి పిల్లకు అర్థమయ్యేటట్టు చెప్పిన గుర్తు లేదు. ఇక్కడ ఆ పిల్లే అచ్చు పోయిన సంగతిని ముందుగా పట్టుకున్నది. ప్రభుత్వ రికార్డులలో ఇప్పుడు హనుమకొండ అని రాస్తున్నారని, మా నోళ్లలో ఎప్పటినుంచో హన్మకొండ అని ఉన్నదని చెప్పాను. రెండూ మన ఊరే అన్నాను. అంతే, ఆ వారంలో ఒత్తులంటే ఉన్న భయం పోయింది. నర్సంపేటలో స ఎందుకు కిందికి దిగిందో తానే తమ్ముడికి చెప్పడం మొదలుపెట్టింది.

లెక్కల విషయంలో మా అత్తగారి నాటి ఇత్తడి కొలతపాత్రలు ఉపయోగపడ్డాయి. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ఈ తరం ఇళ్లలో వీటి పేర్లు కూడా వినబడటం లేదు కాబట్టి, బియ్యం డబ్బా ముందు పెట్టి పిల్లలిద్దరినీ కూర్చోబెట్టాను. మానికలో ఎన్ని గిద్దెలు పడతాయని బాబు అడిగాడు. పాప పలక మీద నాలుగు గీతలు గీసి, వాటిని రెట్టింపు చేసి ఎనిమిది, మళ్లీ రెట్టింపు చేసి పదహారు అన్నది. సరే, పోసి చూడమన్నాను. పద్నాలుగు గిద్దెలకే మానిక నిండింది. పాప మొహం చిన్నబోయింది. తరగతిలోనైతే, నలభై మంది పిల్లల నడుమ, ‘నువ్వు చెప్పిందే సరైనది, పదహారే’ అని చెప్పి ముందుకు పోయేదాన్ని. ఇంట్లో నాకు తొందర లేదు, ఊరుకున్నాను. మళ్లీ పోసింది, ఈసారి పదిహేను. మూడోసారి బాబు గిద్దెను నింపుతుంటే అందులో బియ్యం గుట్టలా పైకి లేవడం చూసి, ‘అట్ల కాదురా, అంచు దాక సాపు చెయ్యాలె’ అని తమ్ముడి చేయి పట్టుకుని అరచేతితో పై గింజలను తుడిచేసింది. పదహారు గిద్దెలకు మానిక సరిగ్గా నిండింది. కొలత అంటే ఏమిటో, సగంలో సగం పావు ఎందుకవుతుందో ఆ మధ్యాహ్నం వారిద్దరికీ నేను ఒక్క మాట చెప్పకుండానే తెలిసింది. ఇల్లంతా చెదిరిన బియ్యం ఏరుకోవడానికి మరో అరగంట పట్టింది, అది వేరే సంగతి.

మీకు పంపదలచిన బొమ్మ వెనుక కూడా ఒక కథ ఉన్నది. పాలంపేటలో 1213లో కట్టించిన రామప్ప గుడికి 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చిన సంగతి మన అందరికీ తెలిసిందే. దాని శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలికగా ఉంటాయని అక్కడ విని వచ్చిన పిల్లలు, ఇంటికి చేరగానే పెరట్లోని మామూలు ఇటుక ముక్కను బకెట్లో వేశారు. అది మునిగిపోయింది, దాని నుంచి మాత్రం సన్నని బుడగలు చాలాసేపు పైకి వచ్చాయి. బాబు బకెట్ మీదికి వంగి చూసి, ‘బాపమ్మా, ఇటుక నీళ్లు తాగుతాంది’ అన్నాడు. ఇటుకలో కంటికి కనబడని ఖాళీలు ఉంటాయని, అందులోని గాలి బయటికి వచ్చి నీళ్లు లోపలికి పోతున్నాయని, రామప్ప ఇటుకలో ఆ ఖాళీలు మరీ ఎక్కువ కాబట్టే అంత తేలిక అని చెప్పడానికి నాకు అంతకంటే మంచి మాట దొరకలేదు. పాప గీసిన బొమ్మలో గుడి పక్కన ఒక బకెట్, అందులో నోరు తెరిచిన ఇటుక ఉండటానికి కారణం ఇదే. దయచేసి దానిని పొరపాటు అనుకోకండి.

ఇలాంటి రోజులు వారానికి ఒకటి వస్తే గొప్ప. మిగిలిన రోజులు సాదాసీదాగానే గడుస్తాయి. ఎక్కాలు అప్పజెప్పమంటే పాప అలుగుతుంది, బాబు బలపాన్ని నములుతాడు, మా కోడలు ఇంగ్లీషు పాఠాన్ని సగంలో ఆపి వంటింట్లోకి వెళ్లవలసి వస్తుంది. అయినా చిన్న చిన్న మైలురాళ్లు దాటుతూనే ఉన్నాము. బాబు చొక్కా గుండీలు తనంతట తాను పెట్టుకున్నాడు. పాప కిరాణా దుకాణం నుంచి మిగిలిన చిల్లర సరిగ్గా లెక్కపెట్టుకుని తెచ్చింది. సద్దుల బతుకమ్మకు తంగేడు, గునుగు, బంతి వరుసలను ఎక్కడా వంకర లేకుండా తల్లి పక్కన కూర్చుని తానే పేర్చింది. మహబూబాబాద్‌లో ఉండే అమ్మమ్మకు యాభై పైసల పోస్టుకార్డు మీద మొదటి ఉత్తరం రాసింది. ఆ కార్డు చేరిన రోజు అమ్మమ్మ ఫోను చేసి ఏడ్చినంత పని చేశారు.

నలుగురిలో కలవడం ఎట్లా అని చుట్టాలు అడుగుతుంటారు. అది న్యాయమైన ప్రశ్నే, మొదట నన్ను కూడా అదే వేధించింది. సాయంత్రం మా వాడలో బడి నుంచి వచ్చిన పిల్లలతో వీళ్లిద్దరూ చీకటిపడేదాకా ఆడతారు, కొట్లాడతారు, మళ్లీ కలుస్తారు. 1904లో ఏర్పడిన మన శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం గురించి పాపకు చెప్పినప్పుడు, ‘నూరేండ్ల కంటే పాత పుస్తకాలు ఉంటయా?’ అని అడిగి, ఆ సాయంత్రమే తీసుకుపొమ్మని పట్టుబట్టింది. అయితే యాభై మంది పిల్లలతో కలిసి ఒకే గీతం పాడటం, వరుసలో నిలబడటం, స్నేహితురాలితో పంచుకుని అన్నం తినడం ఇంట్లో దొరకవు. ఆ లోటు ఉన్నదని ఒప్పుకోవడానికి నేను వెనుకాడను. రోజంతా ఇంట్లో ఒక పెద్ద మనిషి తీరికగా ఉంటే తప్ప ఇది సాగదని కూడా చెప్పాలి. ఇంటి చదువు పేరు చెప్పి ఆడపిల్లను పనికి పంపేవారు ఎవరైనా ఉంటే, ఇప్పటికీ వారి గడప తొక్కి బడికి పంపమనే చెబుతాను.

చట్టం సంగతి కూడా చాలామంది అడుగుతున్నారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా ఇచ్చింది. అందులో ఇంటి చదువు ప్రస్తావన లేదు. అదే చట్టంలోని 4వ సెక్షను, బడికి పోని పిల్లలను తరువాత ఎప్పుడైనా వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని చెబుతున్నది. మా పాప రేపు బడికి పోతానంటే ఆ తలుపు తెరిచే ఉన్నది, ఆ మాట ఆమెకు కూడా చెప్పాము. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ 3, 5, 8 తరగతులకు సమానమైన పరీక్షలు నిర్వహిస్తున్నది. 14 ఏళ్లు నిండితే పదో తరగతి కూడా అక్కడే రాయవచ్చు. 2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ల వయసును పునాది దశగా గుర్తించి, ఆటపాటలతో నేర్పమని, వీలైనంత వరకు కనీసం ఐదో తరగతి దాకా మాతృభాషలో చెప్పమని సూచించింది. మేము ఇంట్లో చేస్తున్నది దాదాపు అదే. ప్రతి ప్రభుత్వ బడిలో ప్రతి టీచరుకు అంత వెసులుబాటు దొరకాలని నా కోరిక. నా సర్వీసులో ఒకటి, రెండు, మూడు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టి చెప్పిన రోజులే ఎక్కువ.

ఇక నా విన్నపం. పిల్లల పేజీ నియమాల్లో ‘తరగతి, పాఠశాల’ అన్న చోట ‘వయసు, ఊరు’ అని మార్చగలరా? బడికి పోయే పిల్లలు ఇష్టమైతే తమ బడి పేరు కూడా రాసుకుంటారు. ఇంట్లో చదివే పిల్లలు, జబ్బు చేసి ఏడాది ఇంటిపట్టునే ఉండిపోయిన పిల్లలు, వలస పోయిన తల్లిదండ్రుల వెంట ఊరూరా తిరుగుతూ ఇంకా ఏ బడిలోనూ పేరు నమోదుకాని పిల్లలు కూడా అప్పుడు ఏ సంకోచమూ లేకుండా మీకు బొమ్మలు పంపగలుగుతారు. చివరి రకం పిల్లలను నేను ఇటుక బట్టీల దగ్గర చాలామందిని చూశాను. వాళ్లలో బొమ్మలు బాగా గీసేవారు కూడా ఉండేవారు.

పాప గీసిన బొమ్మను ఈ లేఖకు జతచేసి పంపుతున్నాను. వెనుక వివరాలు తానే రాసింది. వయసు ఏడు అని వేసి, ఊరి పేరును న కింద మ ఒత్తు పెట్టి రాసింది. నేను దిద్దలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
హనుమకొండ