కొల్లేరును పైనుంచి చూపించండి

సంపాదకులు గారికి,

నమస్కారములు.

తుపాను వచ్చినప్పుడల్లా మన పత్రికలు మొదటి పేజీలో ఉపగ్రహ చిత్రం వేస్తాయి. బంగాళాఖాతంలో సుడి తిరిగే ఆ తెల్లటి మేఘాన్ని ఇప్పుడు అక్షరం ముక్క రాని పెద్దలు కూడా గుర్తుపడుతున్నారు. ఆ మేఘం కింద ఉన్న మన నేల పైనుంచి ఎలా కనిపిస్తుందో మాత్రం ఎవరూ చూపించరు. గత నెలలో గన్నవరం నుంచి విశాఖపట్నం వెళ్లే విమానంలో కుడివైపు కిటికీ దగ్గర చోటు దొరికినప్పుడు ఈ లోటు నాకు బాగా తెలిసివచ్చింది.

బయల్దేరిన కొద్ది నిమిషాలకే కొల్లేరు సరస్సు వచ్చింది. వచ్చిందనడం కన్నా, వెతుక్కున్నాననడం నిజం. ముప్పయ్యేళ్లు సాంఘిక శాస్త్రం చెప్పినవాణ్ని. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ కొల్లేరును కోడిగుడ్డు ఆకారంలో గీసి నీలి సుద్దముక్కతో నింపేవాణ్ని. పైనుంచి చూస్తే ఆ గుడ్డు ఎక్కడా లేదు. గళ్ల లుంగీ ఆరేసినట్టు కనుచూపు మేరా చేపల చెరువులే. నాచు పట్టినవి ఆకుపచ్చగా, కొత్తగా నీరు పెట్టినవి మట్టిరంగులో, ఎండగట్టినవి బూడిదరంగులో ఉన్నాయి. మధ్యమధ్య కిక్కిస గడ్డి పెరిగిన మడుగులు ముదురు రంగులో మిగిలాయి. అంచు వంకరగా ఉన్నచోట నీరు తనంతట తాను నిలిచిందనీ, తిన్నగా ఉన్నచోట మనిషి గట్టు వేశాడనీ నాకు నేనే ఒక సూత్రం చెప్పుకున్నాను.

ధవళేశ్వరం దగ్గర ఆ సూత్రం చెల్లలేదు. 1847లో మొదలై 1852లో పూర్తయిన కాటన్ దొర ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీ, దాని దిగువన గౌతమి, వసిష్ఠలుగా చీలిన గోదావరి స్పష్టంగా కనిపించాయి. అక్కడి నుంచి బయల్దేరిన కాలువలు మనుషులు నిర్మించినవే అయినా, చాలావరకు పాముల్లా మెలికలు తిరుగుతూ సాగుతున్నాయి. సాగునీటి కాలువను మెరక పట్టుకుని నడిపిస్తేనే నీరు రెండు వైపులా పొలాల్లోకి దిగుతుంది. మురుగు కాలువ పల్లం వెంట పోవాలి. అంటే ఆ పని చేసినవారు నేల వాలును చూసి గీత గీశారు. కొల్లేరులో మనం చెరువు కొలతను బట్టి గీశాం. మా బంధువుల్లోనూ చెరువులున్నవారు ఉన్నారు కాబట్టి ఈ మాట ఎవరినో ఎత్తిపొడవడానికి అనడం లేదు.

సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున్న చోట్లను కలిపే ఊహాగీత, అంటే ఐదో కాంటూరు, లోపలి 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలగా కొల్లేరుకు రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో ఆ హద్దు లోపలి చెరువుల గట్లు కొట్టేశారు. తర్వాతి ఏళ్లలో చాలాచోట్ల అవి మళ్లీ లేచాయి. అభయారణ్యం హద్దును ఐదో కాంటూరు నుంచి మూడుకు తగ్గించాలని శాసనసభ తీర్మానం కూడా చేసింది. ఇన్నేళ్లుగా ఇంత వాదానికి కారణమైన ఆ గీత నేల మీద నిలబడినా కనిపించదు, విమానంలోంచి చూసినా కనిపించదు. దాన్ని చిత్రం మీద గీసి చూపిస్తే తప్ప, తమ ఇల్లు, తమ చెరువు దానికి ఎటువైపు ఉన్నాయో కొల్లేటి జనానికి తెలిసే దారి లేదు.

చిత్రాలకు కొరత లేదు. 1972లో ఎగిరిన అమెరికా ఉపగ్రహం, మొదటి ల్యాండ్‌శాట్ చిత్రాల్లో ఒక్కో చుక్క ఎకరంన్నరకు పైగా నేలను చూపేది. రెండెకరాల చెరువు అందులో దాదాపు ఒక చుక్క. 1988లో మన ఉపగ్రహం ఐఆర్ఎస్-1ఏ వచ్చింది. ఆ తర్వాతి రిసోర్స్‌శాట్ చిత్రాల్లో 23.5 మీటర్ల చుక్క, అంటే పదమూడు సెంట్ల పైచిలుకు నేల. హైదరాబాదులోని జాతీయ సుదూర గ్రాహక కేంద్రం అందించే ఉపగ్రహ చిత్రాల భువన్ వెబ్‌సైటు 2009 నుంచీ ఉంది. అయితే వీటిని చదవడం ఒకరు నేర్పాలి. పైరు ఎర్రగా కనిపించేలా రంగులు వేసిన చిత్రాన్ని చూపిస్తే, పచ్చని తన వరిచేను ఎర్రబడిందేమిటని రైతు కంగారు పడతాడు.

ఈ చిత్రాలు అన్నీ చెబుతాయని కాదు. 1970వ దశకంలో మత్స్యకారుల సహకార సంఘాలకు ప్రభుత్వమే ఇచ్చిన చెరువుకూ, పట్నంలో ఉండే పెట్టుబడిదారు లీజుకు తీసుకున్న చెరువుకూ ఆకాశం నుంచి తేడా తెలియదు. ఆ తేడాను మీ విలేకరులు నేల మీద తిరిగి రాయవలసిందే.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడను ముంచినప్పుడు, ఆ నీరు చేరేది కొల్లేరుకనీ, కొల్లేరు నుంచి సముద్రానికి దారి ఉప్పుటేరేననీ వార్తల్లో చదివాం. ఆ మూడింటినీ ఒకే చిత్రంలో చూపించి ఉంటే పదో తరగతి పిల్లవాడికి కూడా అర్థమయ్యేది. కనుక మీ జిల్లా పేజీలో నెలకొకసారైనా ఒక ప్రాంతపు పాత చిత్రం, కొత్త చిత్రం పక్కపక్కన వేసి, దిక్కు, కొలత, రంగుల అర్థం కింద రాయవలసిందిగా కోరుతున్నాను. మొదటిది కొల్లేరుదైతే సంతోషిస్తాను. రెండు చిత్రాలూ ఒకే నెలలో తీసినవి కావాలి, తేదీలు తప్పక వేయాలి; మే నెల కొల్లేరును అక్టోబరు కొల్లేరు పక్కన పెడితే వానాకాలపు వరదను చూసి సరస్సు పెరిగిందని భ్రమపడతాం.

ఇట్లు,
విశ్రాంత సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు,
ఏలూరు