పంది వేటకు అనుమతి ఇచ్చేటప్పుడు తూటా సంగతి కూడా రాయాలి

సంపాదకుల వారికి,

ఆర్యా,

మక్క, పల్లి, వరి చేలను అడవి పందులు పాడు చేస్తున్న తీరుపైనా, వాటిని కాల్చేందుకు ఇచ్చే అనుమతులపైనా మీ పత్రికలో కొంతకాలంగా వార్తలు, ఉత్తరాలు వస్తున్నాయి. కాల్చాలా వద్దా, అనుమతి ఎవరి చేతిలో ఉండాలి, పంట నష్టానికి పరిహారం ఎంత అన్న విషయాలపై చాలామంది రాశారు. కాల్చాలని నిర్ణయం జరిగిన తరువాత దేనితో కాల్చాలి అన్న ప్రశ్నను మాత్రం ఎవరూ ఎత్తలేదు. ములుగు జిల్లాలో అడవి అంచున సాగు చేసుకుంటూ, పంట రక్షణ కోసం తుపాకీ లైసెన్సు పొందిన రైతుగా నాకు ఈ ప్రశ్న చాలా ముఖ్యమైనదిగా కనిపిస్తున్నది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. అయితే మనుషుల ప్రాణాలకు గాని, చేలో నిలిచి ఉన్న పంటతో సహా ఆస్తికి గాని ముప్పుగా మారిన జంతువును కాల్చడానికి అదే చట్టంలోని 11వ సెక్షన్ కింద కారణాలు చూపుతూ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. 2022 సవరణ తరువాత అడవి పంది ఆ చట్టంలోని రెండో షెడ్యూలులో, అంటే జంతువుల రెండో జాబితాలో, ఉన్నది కాబట్టి ఈ వెసులుబాటు దానికి వర్తిస్తుంది. నేను చూసిన అనుమతి పత్రంలో గ్రామం పేరు, గడువు, కాల్చే వ్యక్తి వివరాలు అన్నీ సక్రమంగా ఉన్నాయి. ఏ తుపాకీ, అందులో ఏ తూటా, ఎంత దూరం నుంచి అన్న మాట మాత్రం ఒక్కటీ లేదు. ఆ జంతువు ఒక్క దెబ్బకు పడిపోతుందా, గాయంతో పరుగెత్తి రెండు రోజులు నరకం అనుభవించి చస్తుందా అన్నది ఆ మాట మీదే ఆధారపడి ఉంటుంది.

మన పల్లెల్లో లైసెన్సు తుపాకీ అంటే చాలావరకు ట్వెల్వ్ బోర్ డబుల్ బ్యారెలే, అంటే రెండు గొట్టాల షాట్‌గనే. అది మంచి తుపాకీ. అయితే అందులో వేసే తూటాను, అంటే మందుతో పాటు రవ్వలో గుండో నింపిన గుళికను, బట్టి అది పిట్టల తుపాకీ అవుతుంది, పందిని పడగొట్టే తుపాకీ కూడా అవుతుంది. 4వ నంబరు, 6వ నంబరు తూటాల్లో ఉండే సన్న రవ్వలు పక్షుల కోసం చేసినవి. పంది తోలును దాటి లోపలి అవయవాల దాకా పోయే బరువు వాటికి లేదు. పెద్ద గుండ్లు ఉండే ఎల్జీ తూటా వాటికన్నా ఎంతో నయమే గాని, దానికీ హద్దు ఉన్నది. ఒక్కో ఎల్జీ గుండు బరువు 4 గ్రాములకు కొంచెం పైన. 20 మీటర్ల లోపల ఆ గుండ్లు దగ్గర దగ్గరగా వెళ్లి తగులుతాయి. 40 మీటర్లకు వచ్చేసరికి సుమారు మీటరు వెడల్పున చెదిరిపోతాయి, వేగం కూడా తగ్గుతుంది. అంటే ఒకటో రెండో గుండ్లు పందికి తగిలితే తగులుతాయి, అవి ఎక్కడ తగులుతాయో కాల్చినవాడు కూడా చెప్పలేడు.

పంది శరీర నిర్మాణాన్ని కూడా ఇక్కడ గమనించాలి. వయసొచ్చిన మగ పంది నూరు కిలోలు దాటడం అరుదు కాదు. దాని భుజాల మీద, తోలు కింద, మందమైన గట్టి పొర ఒకటి పెరుగుతుంది. మగ పందులు ఒకదానినొకటి కోరలతో పొడుచుకునేటప్పుడు వాటిని కాపాడేది అదే. గుండె, ఊపిరితిత్తులు ముందరి కాళ్ల వెనుక, మనం అనుకునే దానికన్నా కిందుగా ఉంటాయి. వీపు మీద నిక్కబొడిచిన వెంట్రుకలను చూసి నడుమ భాగానికి గురి పెట్టేవాళ్లు చాలావరకు పేగుల మీదనో, వెన్ను పైభాగంలోనో కొడతారు. చీకట్లో, టార్చి వెలుగులో, పరుగెత్తుతున్న గుంపు మీదికి రవ్వల తూటా పేల్చితే జరిగేది ఇదే.

ఇలా గాయపడిన పంది దూరంగా అడవిలోకి పోతుందని అనుకోవడం పొరపాటు. దగ్గరలో దట్టంగా కనిపించిన చోట దూరి పడుకుంటుంది. మక్క చేలు కోతకు వచ్చే రోజుల్లో మా ప్రాంతంలో అన్నింటికన్నా దట్టంగా ఉండేది పత్తి చేను. తెల్లవారితే ఆ చేనులోకి పత్తి ఏరడానికి ఆడవాళ్లు వరుసగా వంగి నడుస్తూ వస్తారు. గాయంతో, భయంతో, కదలలేక పడి ఉన్న పంది ఎదురుగా మనిషి కనిపిస్తే ఏం చేస్తుందో అడవి అంచు ఊళ్లలో ఎవరిని అడిగినా చెబుతారు. పంట కాపాడడానికి ఇచ్చిన అనుమతి కూలి మనిషి ప్రాణం మీదికి రావడం ఏ అధికారీ కోరుకోడు. రాతలో తూటా మాట లేకపోవడం వల్ల ఆ ప్రమాదం అలాగే ఉండిపోతున్నది.

ఈ విషయంలో ఇతర దేశాల పద్ధతి తెలుసుకోవడం మనకు పనికొస్తుంది. మా మేనల్లుడు అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో ఉంటాడు. అక్కడ లైసెన్సుతో, సీజను ప్రకారం జింకల వేట చట్టబద్ధం. కొయోట్ అనే జంతువును కూడా వేటాడతారు. కొయోట్ మన నక్క కంటే పెద్దది, తోడేలు కంటే చిన్నది. బరువు 10 నుంచి 20 కిలోల మధ్య ఉంటుంది. ఈ రెండింటికీ సరిపోయే ఒకే రైఫిల్‌ను మా మేనల్లుడు ప్రత్యేకంగా చేయించుకున్నాడు. కర్ర ఏది, గొట్టం ఎంత పొడవు అన్న మాటలన్నీ తరువాత వచ్చాయి. మొదట తేల్చుకోవలసి వచ్చినది తూటా. దాని గురించి అతను నాతో ఫోన్‌లో చాలాసేపు చర్చించాడు.

అక్కడ తూటాల పేర్లలోని అంకె దాదాపుగా గుండు వ్యాసం, అంగుళాల్లో. కొయోట్ ఒక్కదానికే అయితే .223 రెమింగ్టన్ సరిపోతుంది, కాల్చినవాడి భుజానికి తగిలే దెబ్బ తేలిక, ఖర్చు తక్కువ. జింక ఒక్కదానికే అయితే .308, .30-06 వంటివి అక్కడ తరతరాలుగా నమ్మకమైనవి. రెండింటికీ నడుమ నిలిచేది 1955లో వచ్చిన .243 విన్‌చెస్టర్. .308 తూటా మెడను సన్నగా చేసి, దానిలో 6 మిల్లీమీటర్ల గుండు పెట్టినదే ఇది. ఇందులో 58 గ్రెయిన్ల తేలిక గుండు కూడా దొరుకుతుంది, 100 గ్రెయిన్ల బరువు గుండు కూడా దొరుకుతుంది. 100 గ్రెయిన్లు అంటే ఆరున్నర గ్రాములు. తేలిక గుండు తగలగానే పైనే పగిలిపోతుంది. కొయోట్ వంటి చిన్న జంతువు దానితో అక్కడికక్కడే పడుతుంది, కాని అదే గుండు జింక భుజానికి తగిలితే పైన పెద్ద గాయం చేసి లోపలికి దిగకుండా ఆగిపోవచ్చు. బరువు గుండు నిలకడగా లోపలికి దిగుతుంది. గుండు పొడవును బట్టి గుండును గిర్రున తిప్పి పంపే, గొట్టం లోపలి మెలికల గాళ్ల బిగువును కూడా ఎంచుకోవాలి: 10 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే పాత రకం మెలిక 100 గ్రెయిన్ల దాకా సరిపోతుంది, అంతకన్నా పొడవైన గుండ్లకు 8 అంగుళాలకు ఒక చుట్టు కావాలి. రెండు రకాల గుండ్లూ ఒకే చోట తగలవు కాబట్టి తూటా మార్చినప్పుడల్లా గురి మళ్లీ సరిచూసుకోవాలి. కొత్తగా వచ్చిన 6 మిల్లీమీటర్ల క్రీడ్‌మోర్‌ను కూడా పరిశీలించి, తూటాలు చిన్న ఊళ్లలో కూడా దొరుకుతాయన్న కారణంతో అతను చివరికి .243 తీసుకున్నాడు. నా దృష్టిలో అది సరైన ఎంపిక.

ఈ ఎంపికను అక్కడ వేటగాడి ఇష్టానికి పూర్తిగా వదిలిపెట్టలేదు. కొలరాడోలో జింకను కాల్చే రైఫిల్ గొట్టం వ్యాసం .24 అంగుళానికి తక్కువ ఉండకూడదు, గుండు తగిలినప్పుడు విచ్చుకునే రకం అయి ఉండాలి, కనీసం 70 గ్రెయిన్ల బరువు ఉండాలి, 100 గజాల దగ్గర 1,000 ఫుట్-పౌండ్ల శక్తి మిగిలి ఉండాలి. ఎల్క్ అనే పెద్ద జాతికి గుండు కనీస బరువు 85 గ్రెయిన్లు. అందువల్లనే .223 అక్కడ జింకకు పనికిరాదు. ఒహాయో రాష్ట్రంలో జింకల వేటకు షాట్‌గన్‌లే ప్రధానంగా వాడేవారు. 2014 నుంచి మెడ సన్నం లేని, నిటారు గోడల తూటాలు వాడే రైఫిళ్లను అనుమతించారు. దూరం పోయే వేగవంతమైన రైఫిల్ తూటాలను మాత్రం జింకల వేటకు రానివ్వలేదు. జంతువు బాధ, దాని వెనుక ఉన్న మనుషుల క్షేమం రెండూ ఈ నిబంధనల్లో కనిపిస్తాయి.

మనకు అలా కోరిన తూటాకు కోరిన రైఫిల్ చేయించుకునే వీలు లేదు, ఉండాలని నేను కోరడం లేదు. సైన్యం వాడే కొలతల తూటాలు ఇక్కడ సామాన్యులకు నిషిద్ధం. 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించి ఒక్కో లైసెన్సుదారు వద్ద ఉండదగిన తుపాకులను 3 నుంచి 2కు తగ్గించారు. కాబట్టి ఉన్న తుపాకీతోనే సరైన తూటా ఎంచుకోవడం మనకు మరింత అవసరం. ఇషాపూర్ ఫ్యాక్టరీ చేసే .315 రైఫిల్ మన రాష్ట్రంలో కూడా లైసెన్సుదారుల దగ్గర ఉన్నది. దాని గుండు 244 గ్రెయిన్లు, అంటే దాదాపు 16 గ్రాములు. వేగం సెకనుకు 600 మీటర్ల చుట్టుపక్కల. నేటి అమెరికన్ తూటాలతో పోల్చితే నెమ్మదైనదే గాని, 100 మీటర్ల లోపల మెత్తని మొన గల ఆ గుండు పెద్ద మగ పందిని కూడా నిలువునా ఆపగలదు. రైఫిల్ లేనిచోట ట్వెల్వ్ బోర్‌లోనే రవ్వలకు బదులు ఒంటి గుండు తూటా వాడి, 40 మీటర్లకు మించకుండా కాల్చవచ్చు. అదీ లేనప్పుడు ఎల్జీతో 20 మీటర్ల లోపల, కదలకుండా నిలబడిన పంది మీద మాత్రమే కాల్చాలి.

రైఫిల్ తూటా కిలోమీటరు దాటి పోగలదు కాబట్టి దాని విషయంలో భయం సహజం. చదునైన చెలకల్లో నేల మీద నిలబడి రైఫిల్ పేల్చడాన్ని నేనూ ఒప్పుకోను. ఇందుకు మన దగ్గర పూర్వం నుంచి ఉన్న మంచె ఎంతో ఉపకరిస్తుంది. మంచె మీద కూర్చుని కిందికి కాల్చితే, గురి తప్పినా, పంది శరీరంలోంచి దూసుకుపోయినా, తూటా నేలలోకే దిగుతుంది. పిట్టలను తోలడానికి వేసుకున్న మంచెనే కొంచెం గట్టిగా కట్టుకుంటే చాలు. ఊరివైపు, బాటవైపు, పశువుల కొట్టాలవైపు గొట్టం తిప్పే అవకాశం లేకుండా మంచె ఉండవలసిన దిశను ముందే నిర్ణయించవచ్చు.

మరొక విషయం కూడా చెప్పాలి. తూటాల్లో ఉండేది సీసం. చచ్చిన పందిని లోతుగా పూడ్చిపెట్టకుండా వదిలేస్తే, ఆ సీసం ముక్కలను మాంసంతో పాటు రాబందులు మింగుతాయి. అమెరికాలో కాండర్ అనే అరుదైన రాబందులు ఇలాగే చనిపోతున్నాయని గుర్తించి, కాలిఫోర్నియాలో 2019 జూలై నుంచి వేటలో సీసం తూటాలను పూర్తిగా నిషేధించారు. ఉత్తర తెలంగాణలో ప్రాణహిత ఒడ్డున పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్లు పెట్టుకున్న సంగతి మనందరికీ గర్వకారణం. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు వల్ల దేశమంతటా దాదాపు తుడిచిపెట్టుకుపోయిన జాతి అది. వాటికి సీసం రూపంలో ఇంకొక విషాన్ని మనం అందించకూడదు.

తూటా గురించి ఇన్ని షరతులు పెడితే రైతులు విసిగిపోయి కరెంటు తీగలే పెడతారని కొందరు మిత్రులు నాతో అన్నారు. వారి ఆందోళన నాకు అర్థమవుతున్నది. రాత్రంతా కష్టపడి కాపాడుకున్న మక్క చేను తెల్లారేసరికి నేలకొరిగి ఉంటే కలిగే బాధ నాకూ తెలుసు. అయినా తీగ మనిషిని, పశువును, పులిని వేరు చేసి చూడదు. 2024లో భూపాలపల్లి జిల్లా అడవిలో వేటగాళ్లు పెట్టిన తీగకు తగిలి కూంబింగ్‌కు వెళ్లిన గ్రేహౌండ్స్ జవాను ప్రాణం కోల్పోయాడు. తీగల అవసరం తగ్గాలంటే అనుమతితో జరిగే వేట ఫలితం ఇవ్వాలి. ఒక గుంపు మీద పది రవ్వల తూటాలు పేల్చి నాలుగింటిని గాయపరచి, ఒక్కదానినీ పడగొట్టకపోతే, ఆ పద్ధతి మీద రైతుకు నమ్మకం ఎలా కలుగుతుంది? సరైన తూటా ఒక్కటి, మూడు సాధారణ తూటాలకన్నా చివరికి చవకే పడుతుంది.

కాబట్టి అటవీ శాఖ వారు అనుమతి పత్రంలో తుపాకీ రకం, తూటా రకం, గరిష్ఠ దూరం అన్న మూడు గడులు చేర్చాలని కోరుతున్నాను. 4, 6 నంబర్ల వంటి సన్న రవ్వల తూటాలను పంది మీద వాడరాదని అందులో స్పష్టంగా ముద్రించాలి. అనుమతి పొందిన షూటర్ ముందుగా తన తుపాకీతో, తాను వాడబోయే తూటాతోనే, లక్ష్యపు పలక మీద కాల్చి చూపాలి. ఇందుకు జిల్లా పోలీసు ఫైరింగ్ రేంజిని ఒక పూట కేటాయిస్తే సరిపోతుంది. గాయపడి తప్పించుకున్న పంది సమాచారాన్ని ఆ రాత్రే గ్రామ పంచాయతీకి తెలియజేసి, అది దొరికేదాకా చుట్టుపక్కల పత్తి చేలలోకి కూలీలు పోకుండా టాంటాం వేయించాలి. యాసంగి మక్కలు కంకి పట్టే లోపల ఈ మార్పులతో కొత్త అనుమతి పత్రాలు వచ్చేలా చూడాలని మీ పత్రిక ద్వారా అధికారులకు విన్నవిస్తున్నాను.

ఇట్లు,
ఒక రైతు,
గోవిందరావుపేట మండలం, ములుగు జిల్లా