గీత గీసే ముందు మాకో మాట చెప్పండి

ఎడిటర్ గారికి,

మా లేఅవుట్‌లో పార్కుకని వదిలిన జాగాలో ఈమధ్య ఒకరోజు పొద్దున్నే ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని సున్నంతో గీతలు వేస్తుంటే ఏంటని అడిగాం. షాపింగ్ కాంప్లెక్స్ వస్తోంది, మున్సిపల్ కౌన్సిల్‌లో తీర్మానం కూడా అయిపోయింది అన్నారు. ఎప్పుడయింది, ఎవరికి చెప్పారు? ఆఫీసుకి వెళ్లి కనుక్కుంటే అది టేబుల్ అజెండాగా వచ్చిందట, అంటే సభ్యులకు ముందుగా పంపిన కాగితాల్లో లేదు, మీటింగ్ రోజున బల్ల మీద పెట్టి గబగబా చదివి పాస్ చేసేశారు. మా కౌన్సిలర్ గారిని అడిగితే సంతకం పెట్టాను గానీ సర్వే నంబర్ చూసుకోలేదన్నారు. ఆ మాత్రం ఒప్పుకునేవాళ్లు కూడా తక్కువే లెండి.

లేఅవుట్‌కి అనుమతి ఇచ్చేటప్పుడు మొత్తం విస్తీర్ణంలో 10 శాతం ఖాళీ స్థలం వదిలించి, దాన్ని మున్సిపాలిటీ పేరు మీద గిఫ్ట్ డీడ్ చేయించుకుంటారు. రియల్టర్ అదేమీ ఊరికే వదలడు, మేం ప్లాటుకి కట్టిన గజం రేటులోనే ఆ జాగా ఖరీదు కూడా కలిపి ఉంటుంది. ఇప్పుడు ఆఫీసు వాళ్లు అనేదేంటంటే, అది మా పేరు మీద ఉంది, మడిగెలు (దుకాణాలు) కడితే అద్దెలొస్తాయి, లేకపోతే డ్రైనేజీకి డబ్బులెక్కడివి అని. డబ్బుల ఇబ్బంది మాకూ తెలుసు. కానీ బెంగళూరులో పార్కుకని ఉంచిన స్థలాన్ని ఒక ప్రైవేటు ఆసుపత్రి కోసం ఇచ్చేస్తే ఆ కేటాయింపు చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆసుపత్రి కూడా జనానికి పనికొచ్చేదే కదా అన్న వాదనే అక్కడ నిలబడలేదు, ఇక మడిగెల సంగతి వేరే చెప్పాలా?

అసలు పార్కు జాగానే వదలని లేఅవుట్లది ఇంకో కథ. తెలంగాణలో 2020 ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధీకరించే పథకం) పెట్టినప్పుడు, ఖాళీ స్థలం వదలనందుకు ప్లాటు విలువలో 14 శాతం కడితే క్రమబద్ధీకరిస్తామన్నారు, దరఖాస్తులు 25 లక్షలు దాటాయి. జాగా ఎగ్గొట్టింది అమ్మినవాడు, కట్టేది కొన్నవాడు. పోనీ కట్టాక ఆ కాలనీకి పార్కు వస్తుందా అంటే చుట్టూ ఇళ్లు లేచాక జాగా ఎక్కడుంటుంది.

పార్కు చిన్న విషయం అనుకుంటే, ఊళ్లో ఏ జాగా దేనికి వాడాలో తేల్చే మాస్టర్ ప్లాన్ల సంగతి చూడండి. కామారెడ్డిలో డ్రాఫ్ట్ ప్లాన్ బయటికొచ్చాక, పంటలు పండే తమ పొలాల్ని ఇండస్ట్రియల్ జోన్‌లో చూపించారని రైతులు రోడ్డెక్కారు, కలెక్టరేట్ ముందు ధర్నాలు, బంద్‌లు అయ్యాయి. చివరికి 2023 జనవరిలో కౌన్సిలే ఆ డ్రాఫ్ట్‌ని రద్దు చేయాలని తీర్మానించింది, అదే నెలలో జగిత్యాలలో కూడా అదే జరిగింది. అభ్యంతరాలకు గడువు ఇచ్చాం కదా అంటారు అధికారులు. ఇస్తారు, కాదనం. కానీ ఆ మ్యాపులో మన పొలం, మన ఇల్లు ఎక్కడుందో మామూలు మనిషి పట్టుకోగలడా? ఆకుపచ్చ, పసుపు, ఊదా రంగులు, ఇంగ్లీషులో కోడ్‌లు, చీమతలంత సర్వే నంబర్లు. నేను డిగ్రీ చదివాను, మా వీధి కనుక్కోవడానికి నాకే గంట పట్టింది.

చట్టంలో జనానికి చోటు లేదా అంటే ఉంది. పట్టణ ప్రణాళిక, భూ వినియోగం మీద నియంత్రణ స్థానిక సంస్థలు చూసుకోవాల్సిన పనులని 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూల్లోనే రాశారు. తెలంగాణ 2019 మున్సిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డుకూ యువతకు, మహిళలకు, వృద్ధులకు, ప్రముఖులకు ఒక్కోటి చొప్పున నాలుగు కమిటీలుండాలి, ఒక్కోదాంట్లో 15 మంది. మా వార్డు కమిటీలో ఉన్న పెద్దాయన్ని అడిగితే మొక్కలు నాటే రోజు పిలుస్తారు, ఫొటో దిగుతాం, అంతే అన్నారు. అదే చట్టంలో బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టమని కూడా ఉంది. మరి ఉన్న పార్కుని మడిగెలకిచ్చి ఆ మొక్కలు ఎక్కడ నాటుతారో.

మేం అడిగేది పెద్దదేమీ కాదు. జాగాలకు సంబంధించిన ఏ అంశమైనా టేబుల్ అజెండాగా పెట్టొద్దు, కనీసం రెండు వారాల ముందు వార్డు ఆఫీసు గోడ మీద తెలుగులో, సర్వే నంబరూ పక్కనున్న ఇళ్ల నంబర్లూ రాసి అంటించండి. కౌన్సిల్ లేక స్పెషల్ ఆఫీసర్ల పాలన ఉన్నప్పుడైతే ఇది ఇంకా అవసరం, అప్పుడు అడగడానికి కౌన్సిలర్ కూడా ఉండడు. అభ్యంతరం ఇచ్చినవాళ్లకి ఎందుకు ఒప్పుకున్నారో, ఎందుకు కాదన్నారో రాతపూర్వకంగా చెప్పండి. ఏ లేఅవుట్‌లో ఎన్ని గజాల ఖాళీ స్థలం మున్సిపాలిటీకి గిఫ్ట్ అయిందో జాబితా తీసి, ఆ జాగాలో బోర్డు పాతండి. చాలాచోట్ల ఆ లెక్క ఆఫీసులోనే సరిగ్గా ఉండదు, కబ్జాదారులకే బాగా తెలుసు.

మా కాలనీలో 43 ఇళ్ల వాళ్లం సంతకాలు పెట్టి అభ్యంతరం ఇచ్చాం, ఇన్‌వర్డ్ నంబర్ కూడా వేయించుకున్నాం. తీర్మానం రద్దు చేస్తారో లేదో కాగితం మీద రాసివ్వమన్నాం. మూడు వారాలైంది, ఇంకా రాలేదు.

ఇట్లు,
ఒక లేఅవుట్ వాసి