రిజర్వాయర్ కేజ్‌లలో చేపల పెంపకం: ఈ పంట జమా ఖర్చులు

సభ్యులందరికీ నమస్కారం. రిజర్వాయర్‌లో తేలే వల గూళ్లలో (కేజ్‌లలో) మనం ఉమ్మడిగా వేసిన చేపల పంట అమ్మకం పూర్తయింది. క్యాష్ బుక్, ఓచర్లు, తూకం పుస్తకం మా దగ్గరే ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. ఇక్కడ మాత్రం సులువుగా ఉండడానికి మొత్తం జమను 100 పాళ్లు అనుకుని రాస్తున్నాం.

జమలో వాటా ధనం 18 పాళ్లు, పొదుపు సంఘం నుంచి తెచ్చిన అప్పు 22, చేపల అమ్మకం 60. చేతికొచ్చిన డబ్బే జమ కట్టాం. అరువు మీద తీసుకెళ్లిన ఒక వ్యాపారి ఇంకా ఇవ్వాల్సింది ఇందులో లేదు. ఇదివరకు వాటా రసీదు ఇంటి మగవాళ్ల పేరు మీదే ఉండేది. ఈసారి భార్యాభర్తలిద్దరి పేర్లతో ఇచ్చాం. దానివల్ల మీటింగులో ఆడవాళ్లు అడిగే ప్రశ్నలు బాగా పెరిగాయి. మాకు కొంచెం టెన్షనే అయింది గానీ, లెక్క మాత్రం శుభ్రపడింది.

ఖర్చు మొత్తం 53. అందులో మేతకే 29. కేజ్ పెంపకంలో మేత సగానికి పైగా తినేయడం మామూలే, కాబట్టి అక్కడ పొదుపు చేస్తేనే పొదుపు. మేత వేసిన అక్కాచెల్లెళ్లు గింజలు నీళ్ల మీద మిగిలిపోతున్నాయా అని చూస్తూ వేశారు. మబ్బు పట్టిన రోజుల్లో తగ్గించారు. ఒకరోజు తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయని, ఆక్సిజన్ తగ్గిందని ముందు చెప్పింది వాళ్లే. ఆ పూట మేత ఆపేశాం.

చేపపిల్లలకు 5 పాళ్లు అయింది. ఇందులో కొంత మా తప్పు. పిల్లలున్న సంచులను 15, 20 నిమిషాలు నీళ్లలో తేలనిచ్చి, సంచిలో నీళ్ల వేడీ బయటి నీళ్ల వేడీ సమానమయ్యాక పిల్లల్ని వదలాలి. చీకటి పడుతోందని తొందరపడి మొదటి విడత గబగబా వదిలేశాం. మర్నాటికి చాలా పిల్లలు తేలిపోయాయి. ఆగుదామని గట్టు మీదున్నవాళ్లు చెప్పినా మేం వినలేదు. మళ్లీ కొనాల్సి వచ్చింది.

వలలు, కేజ్‌లను తేల్చే డ్రమ్ముల మరమ్మతుకు 6, రవాణాకూ ఐసుకూ కలిపి 3, వడ్డీకి 2. ఒకసారి ఐసు కొని ఓచర్ రాయడం మరిచాం. నగదు తేడా వచ్చాకే అది బయటపడింది, ఇప్పుడు సరిచేశాం.

మిగిలిన 8 పాళ్లు కూలి. పడవ నడిపినవాళ్లకూ రాత్రి కాపలాకూ 3, వలకు పట్టిన పాచి కడగడం, చిరుగులు కుట్టడం, చేపల్ని సైజుల వారీగా వేరుచేయడం, ఈ పనులు చేసిన ఆడవాళ్లకు 5. ఈ 5 పాళ్ల గురించే ఎక్కువమంది అడుగుతున్నారు. ఖర్చులూ, తీర్చిన అసలు 22 పాళ్లూ పోగా చేతిలో ఉన్నది 25. అందులో 18 వాటా ధనమే, అంటే నికర మిగులు 7. ఆ కూలి రాయకపోయుంటే మిగులు 12 కనిపించేది. కిందటి పంటలోనూ ఆ పనంతా జరిగింది, చేసింది వాళ్లే. అయితే అది ‘ఇంటి సాయమే’ కదా అనుకుని ఆ కూలి ఎక్కడా రాయలేదు. అప్పుడు లాభం ఎక్కువని సంబరపడ్డాం, అది వాళ్లకు ఇవ్వాల్సిన కూలి.

మిగులు 7 పాళ్లలో 4 కొత్త వలల కోసం ఉంచి, 3 వాటాల ప్రకారం పంచాలని మా ప్రతిపాదన. అభ్యంతరం ఉంటే రాబోయే మీటింగులో చెప్పండి. తూకం దగ్గర వచ్చేసారి ఇద్దరు ఆడవాళ్లు ఉండాలి, పేర్లు ఇవ్వండి.