కిటికీకి పంచె అడ్డం పట్టిన ఆ పెద్దాయనకు

ఇయ్యాల మధ్యాహ్నం మూడింటికి నా థీసిస్ సబ్మిట్ అయింది. రెండు రోజుల సంది సరిగ్గ నిద్ర లేదు, కండ్లు మండుతున్నయి, అక్షరాల తప్పులుంటే ఏమనుకోకుండ్రి. పండుకుని లేచినంక రాద్దామనుకున్న గాని మంచం మీద ఒరిగితే ఆ పెద్దాయన చేతులే కండ్లముందు కనవడుతున్నయి. అందుకే లేచి కూసున్న.

నా టాపిక్ సురవరం ప్రతాపరెడ్డి గారు. ఒక పత్రిక నడిపిన మనిషి మా వనపర్తి నుంచి ఎమ్మెల్యే ఎట్ల అయిండు, దాని వెనక ఇరవై ఆరేండ్ల పని ఏంది, ఇదే నేను నాలుగేండ్లు పట్టుకుని కూసున్న ముచ్చట. మా దగ్గర చాలమందికి ఆయన ట్యాంక్‌బండ్ మీద విగ్రహంగ తెలుసు, ఇంకొందరికి ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసినాయనగ తెలుసు. 1952 ఎన్నికల్ల గెలిచి హైదరాబాద్ అసెంబ్లీకి పోయిండన్నది మాత్రం ఏ పుస్తకంల చూసినా ఒక్క లైనే. 1953 ఆగస్టు 25న పోయిండు కదా, రెండేండ్లు కూడ నిండలే, అందుకే ఎవ్వరు దాని మీద ఎక్కువ రాయలే. నాకేమో ఆ ఒక్క లైనే కావాలె.

దానికోసం ఆయన నడిపిన గోలకొండ పత్రిక చూడాలె, ఎన్నికల ముందు, తర్వాత వచ్చిన సంచికలు. ఇగ ఇక్కడ్నే నా కష్టం మొదలైంది. ఏ లైబ్రరీ అని పేరు చెప్పను, చెప్పి ఎవరి ఉద్యోగం మీద పడను. మొదటిసారి పోతే గైడ్ సంతకంతో లెటర్ కావాలె అన్నరు. రెండోసారి లెటర్ తీస్కపోతే దాని మీద డిపార్ట్‌మెంట్ స్టాంపు లేదన్నరు. మూడోసారి స్టాంపు కూడ ఉన్నది, కాని ఆ వాల్యూమ్ బైండింగ్‌కు పోయిందట, ఎప్పుడొస్తదో తెల్వదట. స్కాన్ చేసినయ్ ఉన్నయి కదా అంటే కంప్యూటర్‌ల చూపించిన్రు, సగం పేజీలు నల్లగ, సగం పేజీలు లేనే లేవు. వనపర్తి నుంచి పొద్దుగాల నాలుగున్నర బస్సుకు వచ్చిన, చంటిదాన్ని ఇంట్ల జ్వరంతోటి వదిలి వచ్చిన. మెట్ల మీద కూసుని ఏడ్చిన, సిగ్గేం లేదు చెప్పుకోనీకి.

అప్పుడు పక్కనుంచి "ఏం బిడ్డా, ఎవరన్న పోయిన్రా?" అని అడిగిండు ఒక పెద్దాయన. చేతుల బట్టసంచి, రోజు అక్కడికి పేపర్ చదవనీకి వస్తడట. నేను ఏడ్చుకుంటనే సంగతి చెప్పిన. గోలకొండ పత్రిక అనంగనే ఆయన నా పక్కన మెట్టు మీద కూసుండు. "మా నాయిన చందాదారు, నడువు" అన్నడు. అంతే. నేనెవరో, ఏ ఊరో, ఏమన్న ఎత్తుకపోతనో, ఒక్క మాట అడగలే.

ఆయనది ఒకప్పుడు ట్రెడిల్ ప్రెస్, కాలుతోటి తొక్కే అచ్చు మిషన్. పెండ్లి పత్రికలు, కరపత్రాలు అచ్చేసేటోడట, కంప్యూటర్లు వచ్చినంక మూసేసిండట. వాళ్ల నాయిన బడిపంతులు. ఇంట్ల ఒక రేకు పెట్టె, దాంట్ల యాపాకు వేసి, పాత ధోతిల చుట్టి కట్టలు కట్టలు పేపర్లు. అన్ని సంచికలు లేవు, నడుమ నడుమ పోయినయి, కొన్ని పురుగు తిన్నయి, కాని నాకు కావాల్సిన నెలలవి చాలమట్టుకు ఉన్నయి! నేను ముట్టబోతే ఆపిండు, "వేళ్ల చెమటకు ఇరుగుతయి బిడ్డా, నేను తిప్పుత" అని ప్రతి పేజీ కిందికెళ్లి ఒక అట్టముక్క పెట్టి ఎత్తి తిప్పిండు. ఆయనకు చేతులు వణుకుతయి. పేజీ పట్టుకున్నప్పుడు మాత్రం వణకలే, నేను చూసిన.

ఫోటోలు తీయబోతే ఫ్లాష్ వద్దన్నడు. కిటికీ దగ్గరికి జరిపితే ఎండ సూటిగ పడుతున్నది, ఊచల నీడలు కాగితం మీద గీతలు గీతలుగ పడి అక్షరాలు తెగిపోతున్నయి. అప్పుడు ఆయన దండెం మీదికెళ్లి తెల్లపంచె తీసి, రెండు చేతులు పైకెత్తి కిటికీకి అడ్డం పట్టిండు. వెలుగు పాలలెక్క పరుచుకుంది. తాడు కడ్తనయ్యా అంటే "తాడు గాలికి ఊగుతది, నీడ కదులుతది, నువ్వు కానియ్" అన్నడు. అట్ల మూడు రోజులు. డెబ్బై దాటిన మనిషి, నడుమ నడుమ చేతులు దించి, భుజాలు ఒత్తుకుని, మళ్ల ఎత్తుడు. నాకు ఫోన్ స్క్రీన్ కనవడుతలేదు కండ్లల్ల నీళ్లతోటి, ఎన్ని ఫోటోలు బ్లర్ అయినయో.

ఆయన చెప్పినయ్ ఏ పుస్తకంల దొరకవు. నేను పత్రిక 1926 మే 10న మొదలైంది, అంతకుముందు 1922ల నల్లగొండల నీలగిరి, ఇనుగుర్తిల తెలుగు పత్రిక వచ్చినయి అని తారీఖులు చెప్పుకుంట పోతుంటే ఆయన "అక్షరాలు ఎన్ని కొనాలెనో తెలుసా నీకు" అన్నడు. ఇంగ్లీషుకు రెండు పెట్టెల అచ్చు సరిపోతది, తెలుగుకు గుణింతాలు వేరే, ఒత్తులు వేరే, ఒక్కొక్కటి గడిల నుంచి ఏరి తలకిందుల పేర్చాలె. సంపాదకీయాలు ముందుగాల చూపించి ఒప్పించుకోవాలె అని నిజాం సర్కారు ఆంక్ష పెడితే ప్రతాపరెడ్డి గారు ఆ జాగల పెద్ద పెద్ద మేధావుల సూక్తులు వేసిండని నేను ఎప్పుడో నోట్స్‌ల రాసుకున్న. దానికి ఈయన "కూర్చిన మేటర్ వద్దంటే అదంత ఇప్పి మళ్ల గళ్లల్ల వేయాలె బిడ్డా, అచ్చు కూర్చేటోని ఒక దినం పోతది" అన్నడు. ఆ మాట తర్వాత నా మూడో చాప్టర్ మొత్తం మళ్ల రాసిన. పైసల్లేని పత్రికకు ఆంక్ష అంటే ఏందో అప్పుడు తెలిసింది నాకు. రాయుడు, ప్రూఫులు దిద్దుడు, చిరునామాలు రాసుడు, మొదట్ల అన్ని పనులు ప్రతాపరెడ్డి గారే చేసుకున్నడంటరు. వకీలు చదువు చదివిన మనిషి!

తెలంగాణల కవులే లేరు అని ఎవరో అంటే 1934ల గోలకొండ కవుల సంచిక తెచ్చి 354 మంది కవులను చూపించిండు కదా, ఆ పద్యాలన్ని ఊరూరి నుంచి వచ్చినయే. ఎవరో తెల్వనోళ్లు ఇచ్చినయే. అట్ల ఊరూరికి ఆ పత్రిక తెలుసు, అంతకుముందే 1930ల జోగిపేటల నిజాం రాజ్యంలోని తెలుగోళ్ల మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షుడైండు, అందుకే మా దగ్గర ఓట్లు అడగనీకి వచ్చేటప్పటికి కొత్తమనిషి కాదు. థీసిస్‌ల నేను చెప్పిందంత ఇదే.

ఆ పెట్టెల ఒక పాత సంచిక మీద సిరాతోటి రాసిన చిరునామా చీటీ ఉన్నది, వాళ్ల నాయిన పేరు, ఊరు. "ఎవరి రాతనో మనకు తెల్వదు" అని ఆయన దాన్ని ఏలుతోటి తడిమిండు. నేను కూడ ఎవరి రాతనో రాయలే, ఆధారం లేంది రాయొద్దు.

పైసలు ఇయ్యబోతే కోపమొచ్చింది ఆయనకు. పేరు వేయొద్దన్నడు, అందుకే వేస్తలేను. అయ్యా, ఎవరన్న ఇది చదివి మీకు వినిపిస్తరని నా ఆశ. మీ రేకుపెట్టె లేకపోతే నా నాలుగేండ్లు నీళ్లపాలు.

ఇప్పుడు తెలుగు యూనివర్సిటీకి సురవరం పేరు పెట్టిన్రు, సంతోషం, నిజంగ సంతోషం. కాని ఆయన ఒక్కొక్క అక్షరం పేర్చిన పేపర్లు ఒక ముసలాయన యాపాకు వేసి కాపాడితే ఉన్నయి, సర్కారు జీతాలు తీసుకునే దగ్గర చెదలు తింటున్నయి. స్టాంపు కోసం నన్ను తిప్పినోళ్లు ఆ పేపర్లకు ఏడాదికొకసారన్న దుమ్ము దులిపితే చాలు. కడుపుమంటతోటి రాస్తున్న, క్షమించుండ్రి.

మా ఆయన, అత్తమ్మ, అమ్మ, అందరికి థాంక్స్, మీకు వేరే చెప్పాల్నా. గైడ్ సార్‌కు కూడ.

అయ్యో, డీటీపీ చేసిన అక్క, రాత్రి పన్నెండు దాక కూసుని నా ఫుట్‌నోట్లు సరిచేసింది, ఆమెను మర్చిపోయిన. లైబ్రరీ ఎదురుంగ జిరాక్స్ తమ్ముడు కరెంటు పోతే ఫోన్ చార్జింగ్‌కు ఇన్వర్టర్ ఇచ్చిండు. హాస్టల్‌ల రెండు రాత్రులు పండుకోనిచ్చిన జూనియర్ పిల్లలు.

ఇంకొకటి, ఆ పెద్దాయన భార్య. మూడు రోజులు జొన్నరొట్టె, పుంటికూర వేసి పెట్టింది, ఆఖరి రోజు పంచె ఆమె కూడ ఒక కొస పట్టుకుంది.