కనమనేవారూ, వద్దనేవారూ... అడిగేవారేరీ?

సంపాదకులకు,

రాష్ట్రంలో జననాల రేటు పడిపోతోందని, దంపతులు ఇంకా ఎక్కువ మందిని కనాలని మీ పత్రికలో సాగుతున్న చర్చను శ్రద్ధగా చదువుతున్నాను. స్థానిక ఎన్నికల్లో పోటీకి అడ్డుగా ఉన్న ఇద్దరు పిల్లల నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబర్‌లో ఎత్తివేసింది. మూడు దశాబ్దాల ఆ నిబంధన పోవడం మంచిదే. అయితే ఇంత చర్చలోనూ తొమ్మిది నెలలు మోయాల్సిన మనిషి మాట ఒక్కటీ వినిపించకపోవడమే, ఏఎన్‌ఎంగా, అంటే పల్లెల్లో గర్భిణులను, బాలింతలను చూసుకునే ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న నాచేత ఈ ఉత్తరం రాయిస్తోంది.

మాకు అప్పట్లో అప్పగించిన పని, ఎక్కువ మందిని కనమనే ఈ మాటకు పూర్తిగా విరుద్ధం. రెండో కాన్పు కాగానే తల్లిని కు.ని. (కుటుంబ నియంత్రణ) ఆపరేషన్‌కు ఒప్పించాలి. లక్ష్యాలు నిర్ణయించే పద్ధతిని కేంద్రం 1996లోనే మానేసినట్టు కాగితం మీద ఉన్నా, నెలవారీ సమీక్షల్లో మమ్మల్ని నిలబెట్టి అడిగేది కేసులెన్ని అనే. ఫలితం కళ్లెదుటే ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహితల్లో దాదాపు 70 శాతం మంది ఆ ఆపరేషన్ చేయించుకున్నవారే కాగా, భర్తకు వేసెక్టమీ (మగవారికి చేసే కు.ని. ఆపరేషన్) అయిన జంటలు నూటికి ఒక్కటి కూడా లేవు. నిన్న ఆపుకోమన్నదీ, నేడు కనమంటున్నదీ ఒకే ప్రభుత్వం. రెండుసార్లూ ఆమె ఇష్టం ఎవరికీ గుర్తుకు రాలేదు.

ఆరోగ్య ఉపకేంద్రంలో గర్భ పరీక్ష చేసి, పట్టీ మీద రెండో గీత కనబడగానే గదిలో మొదట మాట్లాడేది అత్తగారో, ఆడబిడ్డో. నెల తప్పిన ఆ పిల్ల మాత్రం కొంగు చివరను వేలికి చుట్టుకుంటూ తలుపు వైపు చూస్తూ ఉంటుంది. ఆ చూపులో సంతోషం ఉండవచ్చు. చంకలో బిడ్డ ఇంకా పాలు మానలేదన్న దిగులు, పోయిన కాన్పులో పడ్డ బాధ, మళ్లీ ఆడపిల్లయితే ఇంట్లో ఏమంటారోనన్న బెదురు, డిగ్రీ చివరి పరీక్షలు మధ్యలోనే ఆగిపోతాయన్న కోపం కూడా ఉండవచ్చు. చాలామందిలో ఇవన్నీ కలగలిసే ఉంటాయి, అది సహజం కూడా. బరువు, బీపీ, హిమోగ్లోబిన్ రాసుకున్నాక మా రిజిస్టర్‌లో దీనికి గడి ఉండేది కాదు. ఎవరైనా భయమని నోరు విప్పితే 'శుభమా అని నెల తప్పితే అవేం మాటలు' అని కసిరేవారే ఎక్కువ.

చట్టం మాత్రం మనకన్నా నయం. గర్భవిచ్ఛిత్తికి వయసు వచ్చిన స్త్రీ సమ్మతి చాలు, భర్త సంతకం అక్కర్లేదు. గర్భనిరోధక సాధనం విఫలమై వచ్చిన గర్భమైతే, దానివల్ల కలిగే వేదనను ఆమె మానసిక ఆరోగ్యానికి తీవ్రమైన హానిగానే చట్టం పరిగణిస్తుంది. చట్టంలో లేని షరతులు వైద్యులు పెట్టరాదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబర్ 29న చెప్పింది. అయినా 'మీ ఆయన్ని తీసుకురా' అని తిప్పి పంపే ఆస్పత్రులు ఉన్నాయి. అలా వారాలు గడిచి, గడువు దాటినవారిని నేను చూశాను.

2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టుకు వెళ్లిన ఇద్దరు పిల్లల తల్లి కథ ఈ సందర్భంలో గుర్తు చేసుకోవాలి. రెండో కాన్పు తర్వాత మానసిక అనారోగ్యానికి మందులు వాడుతున్న ఆమెకు, పాలిచ్చే రోజుల్లో నెలసరి రాకపోవడంతో మళ్లీ గర్భం వచ్చినట్టు చాలా ఆలస్యంగా తెలిసింది. మొదట అనుమతి వచ్చింది, తర్వాత ఇద్దరు న్యాయమూర్తుల మధ్య భిన్నాభిప్రాయం వచ్చింది, చివరకు అక్టోబర్ 16న ముగ్గురు సభ్యుల ధర్మాసనం 24 వారాల గడువు దాటిందంటూ నిరాకరించింది. చట్టం ప్రకారం అది సరైనదే కావచ్చు. కానీ 'పాలు తాగుతున్నంతకాలం కడుపు రాదులే' అన్న నమ్మకం మన పల్లెల్లో ఎంత బలంగా ఉందో తెలిసినదాన్ని కనుక, ఆ తప్పును ఆమె మీదకు నెట్టలేను. కాన్పయిన ఆరు వారాలకు ఒకరు ఇంటికి వెళ్లి, ఆమెను పక్కకు పిలిచి మాట్లాడి ఉంటే ఆమెకు కోర్టు గుమ్మం తొక్కాల్సిన అవసరం ఉండేది కాదేమో.

అందుకే వైద్య ఆరోగ్య శాఖకు నా విన్నపం. గర్భిణిగా నమోదు చేసే రోజున, బంధువులను బయట కూర్చోబెట్టి, ఆమెతో ఒంటరిగా మాట్లాడాలన్న నియమం రావాలి. బిడ్డ కావాలా, ఇప్పుడే కావాలా, ఎవరైనా ఒత్తిడి పెడుతున్నారా అని అడగాలి. అందుకు ఆశా, ఏఎన్‌ఎంలకు శిక్షణ ఇవ్వాలి. భర్త సంతకం అవసరం లేదన్న సంగతి ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడ మీద తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఉండాలి. మూడో బిడ్డను కనమని పిలుపునిచ్చే నాయకులు, ఆ బిడ్డను ఎత్తుకుని పనికి వెళ్లలేని తల్లికి ఊళ్లో శిశు సంరక్షణ కేంద్రం ఎక్కడుందో కూడా అదే సభలో చెప్పాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఏఎన్‌ఎం,
పార్వతీపురం