మీ సార్ సినిమా ఒప్పుకో మామా

ఏం మామా, ఎట్లుండావు?

నీ వాయిస్ మెసేజ్‌లన్నీ విన్నాను. ఫోన్ చేస్తే మధ్యలో అడ్డం పడతావు, నన్ను చెప్పనీయవు, అందుకే రాస్తున్నా, తీరిగ్గా చదువు. ఎడిటర్‌గా మీ డైరెక్టర్ సార్‌తో మూడు సినిమాలు చేశావు, నాలుగోదానికి కూడా పిలిచారు, ఒప్పుకుంటే "ఈయన ఫలానా ఆయన ఎడిటర్" అని ముద్ర పడిపోయి బయటివాళ్లు పిలవరేమోనని టెన్షన్, ఒప్పుకోకపోతే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారని భయం. అంతే కదా? నేను చెప్పేది ఒకటే. ఒప్పుకో. కానీ మూడో సినిమా చేసినట్టు మాత్రం చెయ్యొద్దు.

ముద్ర గురించి ముందు చెప్తా. ఎడిటర్ జి.జి. కృష్ణారావు గారిని తీసుకో. శంకరాభరణం, సాగర సంగమం, స్వాతిముత్యం, అన్నీ ఆయన కత్తెరే. విశ్వనాథ్ గారి పేరు చెబితే మన తిరుపతిలో చిన్నపిల్లోడు కూడా చెయ్యెత్తి దండం పెడతాడు, కృష్ణారావు గారి పేరు చెబితే ఎవరాయన అంటారు, అది నాకు నిజంగా కష్టంగా ఉంటుంది. కానీ ఆయనకి పని తగ్గిందా? దాసరి గారికి చేశారు, బాపు గారికి చేశారు. ఒక డైరెక్టర్‌తో గట్టిగా కుదిరిన మనిషంటే మిగతావాళ్లకీ నమ్మకమే గానీ భయం కాదు. 2023 ఫిబ్రవరి 2న విశ్వనాథ్ గారు పోయారు, అదే నెల తిరక్కుండా కృష్ణారావు గారూ పోయారు. ఆ వార్త చదివిన రాత్రి సాగర సంగమం మళ్లీ పెట్టుకుని చూశాను. కథ ఇప్పటికీ అప్పటికీ తిరుగుతూనే ఉంటుంది కదా, తాగి చెడిపోయిన బాలు ఒకడు, ఆశతో నాట్యం చేసే బాలు ఒకడు, అయినా ఎక్కడా మనకి దారి తప్పదు. వానలో ఆ బావి దగ్గర మాధవి నుదుటి బొట్టు కరిగిపోతుందని బాలు చెయ్యి అడ్డం పెడతాడు చూడు, అక్కడ ఒక్క క్షణం తొందరపడినా ఆ చెయ్యి ఎందుకు లేచిందో చూసేవాడికి అందదు. ఎంతసేపు ఉంచాలో తెలిసిన మనిషి చేసిన పని అది. అట్లాంటి లెక్క ఇద్దరి మధ్యా ఒక్క సినిమాతో కుదరదు మామా.

ఇంక రాజమౌళి గారి సంగతి నీకు నేను చెప్పాలా? డైరెక్టర్ కాకముందు కోటగిరి వెంకటేశ్వరరావు గారి దగ్గరే ఎడిటింగ్‌లో అసిస్టెంట్. తర్వాత 2001లో స్టూడెంట్ నంబర్ 1 నుంచి 2017లో బాహుబలి రెండో భాగం దాకా ఆ గురువు గారే ఈ శిష్యుడి సినిమాలు కట్ చేశారు. ఆర్ఆర్ఆర్‌కి శ్రీకర్ ప్రసాద్ గారు వచ్చారు. ఆ శ్రీకర్ ప్రసాద్ గారేమో 2000లో తమిళ సినిమా అలైపాయుదే దగ్గర్నుంచి మణిరత్నం గారితో నడుస్తూనే తెలుగు, మలయాళం, హిందీ అన్నీ చేశారు. ఒక చోట కుదురుగా ఉండి నాలుగు చోట్ల పని చెయ్యడం కుదరదని నీకెవరు చెప్పారో నాకర్థం కాదు.

ఒక సినిమా వదిలేస్తే గ్యాప్ వచ్చి బంధం తెగుతుందన్న భయం కూడా వదిలెయ్. ఎడిటర్ థెల్మా స్కూన్‌మేకర్ గారు హాలీవుడ్ డైరెక్టర్ స్కోర్సేసీ మొదటి సినిమా 1967లో కట్ చేశారు. ఆ తర్వాత ఎడిటర్ల యూనియన్‌లోకి రానివ్వక ఏళ్ల తరబడి ఆయన సినిమాలు చెయ్యలేకపోయారు. మళ్లీ 1980లో రేజింగ్ బుల్. దానికి ఆస్కార్, ఇంకో రెండు ఆస్కార్‌లు తర్వాత. అప్పట్నుంచి ఆయన తీసిన కథాచిత్రాలన్నీ ఆమే. 2023లో మూడున్నర గంటల సినిమా కట్ చేసి ఇచ్చేసరికి ఆమె వయసు 83. నీకు ఇంకా నలభై రాలేదు, అప్పుడే గ్యాప్ అంటున్నావు.

ఇప్పుడు అసలు మాట. మీ మూడో సినిమాలో చంద్రగిరి బస్టాండ్ సీను గుర్తుందా? తల్లి ఆఖరి బస్సు కోసం వానలో ఎదురు చూస్తుంది. రఫ్ కట్‌లో, అంటే మొదటి కూర్పులో, నువ్వే నాతో అన్నావు, రెండు నిమిషాల్లో అయిపోవాల్సింది నాలుగు నిమిషాలుందని. హాల్లో చూస్తే నాలుగు నిమిషాలూ అట్లే ఉంది. ఆమె గొడుగు ముయ్యడంతో సీను అయిపోయింది మామా, నా ముందు వరసలో ఒకామె అప్పటికే కళ్లు తుడుచుకునింది. ఆ తర్వాత ఖాళీ రోడ్డు, టీ బంకు, వాన గుంట, మళ్లీ ఖాళీ రోడ్డు వచ్చేసరికి జనం ఫోన్లు తీశారు. ఆ షాట్లు ఎందుకు కోసెయ్యలేదని అడిగితే, సార్ రెండు రాత్రులు నిద్ర లేకుండా తడిచి తీశారు, మనసు రాలేదన్నావు.

ఆయన తడిచిన సంగతి నీకెట్లా తెలుసు? షూటింగ్‌కి పోయి ఆయన పక్కనే నిలబడ్డావు గనక. ఈసారి పోవద్దు. నేను పెళ్లి వీడియోలు చేసేవాణ్ణే, నీ పనితో పోల్చుకోను, కానీ ఇది మాత్రం నాకు బాగా తెలుసు. మా కెమెరా అబ్బాయి మండపం పైకెక్కి, చెమటలు కక్కుతూ తలంబ్రాల షాట్ తీసుకొస్తాడు, అది పెట్టమని పట్టుబడతాడు. కింద మూలన తీసిన షాట్‌లో పెళ్లికూతురి నాయన కండువాతో మొహం దాచుకుంటూ ఉంటాడు. నేను మండపంలో లేను, నాకు కష్టం కనపడదు, ఆ నాయనే కనపడతాడు. మీ సార్‌కి కావాల్సింది అట్లా చూసే మనిషి. ఆయన చుట్టూ ఆ వానలో తడిచినవాళ్లే ఉన్నారు, తడవనివాడు ఒక్కడుండాలి.

ఇంకోటి. రీలు రోజుల్లో వెయ్యి అడుగుల రీలంటే దాదాపు పదకొండు నిమిషాల సినిమా, దాన్ని చేత్తో కోసి అతికించాలి, అందుకని కొయ్యకముందే ఆలోచించుకునేవాళ్లు, ఎడిటర్‌కి తన గదిలో తనకంటూ కొంత సమయం ఉండేది. ఇప్పుడు డైరెక్టర్ వెనక సోఫాలో కూర్చుని ఇట్లా చూద్దాం, అట్లా చూద్దాం అంటారు, నువ్వు మౌస్ కదుపుతావు, సాయంత్రానికి పది వెర్షన్లు. అది ఎడిటింగ్ కాదు మామా. మొదటి కట్ నేనొక్కణ్ణే చేస్తా, అయ్యాక మీరు రండి సార్ అని సంతకానికి ముందే చెప్పు. గట్టిగా అడిగితే కోపం వస్తుందంటావా? మూడు సినిమాల చనువు దీనికి కాకపోతే ఇంక దేనికి?

మే నెలలో గంగమ్మ జాతరకి ఎట్లాగూ వస్తావు కదా. ఈలోగా ఆ బస్టాండ్ సీను నీకు నచ్చినట్టు కట్ చేసి పట్టుకురా, సినిమా రిలీజ్ అయిపోయినా సరే. మీ సార్‌కి నాలుగో సినిమా మొదలయ్యే ముందు చూపించాల్సింది అదే. అమ్మ నిన్ను అడుగుతా ఉంది, పిల్లల్ని కూడా తీసుకురమ్మనింది.

ఉంటా మామా.